లెక్కకు రాని గంటలు

శ్రమదోపిడీకి మార్గాలు అనేకం. వాటిలో కూలి తగ్గించడం బాహాటంగా జరిగేది. కార్మికునికి వెంటనే తెలుస్తుంది, సంఘం కదులుతుంది. పని గంటలను లెక్కలోనికి రానీయకపోవడం గుట్టుగా సాగే మార్గం. లెక్కలోనికి రాని గంటకు కూలి అడిగితే అడిగినవానిదే తప్పు అవుతుంది. రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ సంగతి కొత్తగా బోధించనక్కరలేదు. మన రెండు రంగాల సంఘ చరిత్రలో చాలా భాగం ఈ గంటల లెక్క కోసం సాగిన పోరాటమే.

నేడు ఈ సమస్య మరొక రూపంలో మన ఇళ్ళలోనికే వచ్చింది. మన సహోద్యోగుల పిల్లలు అనేకులు కంప్యూటరు చదువులు చదివారు. కొందరు పెద్ద కంపెనీలలో చేరారు. మరికొందరు ఇంటి వద్దనే ఉండి చిన్న వ్యాపారులకు, మిల్లులకు, పాఠశాలలకు సాఫ్ట్‌వేరు తయారుచేసి ఇస్తున్నారు. వీరికి మస్టరు లేదు, డ్యూటీ చార్టు లేదు. క్లయింటు అనే పేరుతో పని చేయించుకొనేవాడు మాత్రం ఉన్నాడు. అతడు పని పెంచుతాడు, రేటు తగ్గిస్తాడు, సొమ్ము వాయిదా వేస్తాడు. "మొండి క్లయింటుతో ఎలా వేగాలి?" అన్నది ఈ యువతీయువకులు ఒకరినొకరు అడుగుకొనే ప్రశ్న. దానికి వారికి దొరికే సలహాలు మాటల నేర్పుకు సంబంధించినవి: నవ్వుతూ మాట్లాడు, ధైర్యంగా రేటు చెప్పు, కుదరకపోతే మరొకరిని చూసుకో. నా అభిప్రాయంలో ఇది ప్రధానంగా పని గంటల సమస్య. దీని పరిష్కారం కూడా మన సంఘాల అనుభవంలోనే ఉన్నది.

సచిన్ చెప్పే పాఠం

ముంబయి నుంచి వచ్చే పశ్చిమ రైల్వే మార్గంలో, సూరత్ చేరడానికి కొద్ది ముందుగా సచిన్ స్టేషను వస్తుంది. ఒకప్పుడు ఇది సిద్దీ నవాబుల చిన్న సంస్థానం. నేడు గుజరాత్ ప్రభుత్వ పారిశ్రామికవాడ వలన దాని పేరు వినబడుతున్నది. మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు, రసాయన కర్మాగారాలు అక్కడ దట్టంగా ఉన్నాయి.

సూరత్ ప్రాంతపు మగ్గాలకూ తెలుగువారికీ గల సంబంధం పాతది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలు చేనేతకు గడ్డురోజులు వచ్చినప్పుడల్లా షోలాపూరు, భివండి, సూరత్‌లకు వలసపోయాయి. 1934లో నెలకొన్న వరంగల్ ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. 2017 అక్టోబరులో వరంగల్ వద్ద కాకతీయ మెగా జౌళిపార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండీలకు పోయిన నేతపనివారిని వెనుకకు రప్పించడం దాని లక్ష్యాలలో ఒకటని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అంతగా ఆ నగరం మనవారిని తన మగ్గాలకు కట్టివేసుకొన్నది. సూరత్‌లోని లింబాయత్ వంటి పేటలలో తెలుగు నేటికీ వినవస్తుంది.

మరమగ్గం మీద సాధారణంగా షిఫ్టు 12 గంటలు, కూలి మీటరు లెక్క. పడుగు తెగినా, నాసి నూలు వచ్చినా, కరెంటు పోయినా, కొత్త బీము ఎక్కించేవరకు మగ్గం ఆగినా ఆ సమయానికి కూలి రాదు. మనిషి షెడ్డులోనే ఉన్నాడు, చేతులు పనిలోనే ఉన్నాయి; కాని గుడ్డ పెరగలేదు గనుక ఆ గంట జరగనట్లే. కర్మాగారాలలో 12 గంటల పనిని, ఓవర్‌టైముకు రెట్టింపు వేతనం లేకుండా, 2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా అనుమతించింది. కార్మిక సంఘం కోర్టుకెక్కగా 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, ఓవర్‌టైము వేతనం చెల్లించవలెనని ఆదేశించింది. సంఘం అడిగినందుననే ఆ గంటలు లెక్కలోనికి వచ్చాయి.

షెడ్డు యజమానులలో చాలామంది సొంత నూలుతో నేయరు. వ్యాపారి నూలు ఇస్తాడు. వీరు నేసి ఇచ్చి జాబ్‌వర్కు కూలి తీసుకుంటారు. మన సిరిసిల్లలో సేటు, ఆసామి, కార్మికుడు అనే మూడంచెల ఏర్పాటును ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. వ్యాపారి రేటు తగ్గించినా, చెల్లింపు నెలల తరబడి ఆపినా, గుడ్డలో లోపమున్నదని కోత పెట్టినా ఆసామి ఎదురు చెప్పలేడు. ఆ భారాన్ని మగ్గం దగ్గర నిలబడినవాని మీదికి దించుతాడు.

ఈ వరుసలోనికి ఇటీవల ప్రోగ్రామరు కూడా వచ్చి చేరాడు. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చింది. సూరత్ బట్టల వ్యాపారులు ఆ నెలలో దుకాణాలు మూసి ఆందోళన చేశారు గాని, పన్ను నిలిచింది. చేతిపుస్తకంలో లెక్క రాసుకొనే షెడ్లకు కంప్యూటరు బిల్లులు, రిటర్నులు అవసరమైనవి. జాబ్‌వర్కుకు వచ్చిన నూలు ఎంత, ఏ చలానా మీద వచ్చింది, నేసి పంపిన తాకాలు ఎన్ని, తరుగు ఎంత అన్న లెక్క తప్పకుండా చూపవలసి వచ్చింది. ఈ పనిని పెద్ద కంపెనీలు చౌకగా చేయవు. పేటలోని కుర్రవాడు చేస్తాడు. అతని తండ్రి అటువంటి షెడ్డులోనే మీటరు కూలికి నేసినవాడు కావచ్చు.

ఇటువంటి పని ఒకదానిని ఉదాహరణకు ఊహించుదాము. షెడ్డు లెక్కల ప్రోగ్రాము 15 రోజులలో చేసి ఇవ్వాలి, ప్రతిఫలం 30,000 రూపాయలు, మాట నోటిమాటే. రోజుకు 8 గంటల చొప్పున 120 గంటలు. గంటకు 250 రూపాయలు. పని సగమయ్యాక క్లయింటు, కూలిపట్టీ కూడా ఇందులోనే రావాలంటాడు. తరువాత ఫోనులో కనబడాలంటాడు. తరువాత రెండు రకాల నూలు కలిసిన గుడ్డకు వేరే లెక్క కావాలంటాడు. ప్రతిసారీ "చిన్న మార్పే కదా" అన్న మాట ఒకటే. 15 రోజులు 75 రోజులయ్యాయి, 120 గంటలు 600 గంటలయ్యాయి. సొమ్ము దగ్గరకు వచ్చేసరికి, బిల్లు మీద అక్షరాలు చిన్నవిగా పడుతున్నాయనీ, తమ బంధువుల అబ్బాయి సగం ధరకే చేస్తానన్నాడనీ చెప్పి 20,000 చేతిలో పెడతాడు. ఇప్పుడు గంటకు పడినది 33 రూపాయలు. రేటు తగ్గించామని ఎవరూ అనలేదు. 480 గంటలు లెక్కలోనికి రాలేదు, అంతే.

ఈ క్లయింటు దుర్మార్గుడా? అట్లా తిట్టుకొని తృప్తిపడడం తేలిక. కాని అతడే వ్యాపారి వద్ద తన జాబ్‌వర్కు సొమ్ము కోసం పడిగాపులు పడుతున్నవాడు. తనకు పైవాడు ఏమి చేశాడో క్రిందివానికి అదే చేస్తున్నాడు. మగ్గం మీద నిలబడినవానికీ, కంప్యూటరు ముందు కూర్చున్నవానికీ ఒకే చోటనుంచి దెబ్బ తగులుతున్నది. ఈ సంగతి గ్రహించిన నాడు మాటల నేర్పు ఎందుకు చాలదో అర్థమవుతుంది. గొలుసు మొత్తం నోటిమాట మీద, లెక్కలేని గంటల మీద నడుస్తున్నప్పుడు ఒక్కని చాతుర్యం ఎంతవరకు పనిచేస్తుంది?

కనిపించని పని

పోస్టుమాను పని అంటే గుమ్మం ముందు కవరు అందించే అరనిమిషమేనని చిరునామాదారు అనుకుంటాడు. అంతకుముందు ఆఫీసులో సంచి విప్పడం, బీటు వారీగా వేరు చేయడం, వరుస పేర్చుకోవడం, తిరిగివచ్చి లెక్క అప్పగించడం అతని కంటికి ఆనవు. రైలు కదిలినప్పటి నుంచి ఆగేవరకే డ్రైవరు పని అని ప్రయాణికుడు భావిస్తాడు. సంతకం పెట్టి ఎక్కడం, ఇంజను పరీక్షించుకోవడం, బ్రేకు చూసుకోవడం, లూపులైనులో గంటలతరబడి నిలబడడం అతనికి పనిగా తోచవు.

ప్రోగ్రామరు విషయంలోనూ ఇంతే. ఐ.బి.ఎం. సంస్థలో ఓ.ఎస్./360 అనే బృహత్తర కార్యక్రమాన్ని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ తన అనుభవాన్ని 1975లో గ్రంథంగా ప్రకటించాడు. పెద్ద సాఫ్ట్‌వేరు పనికి కాలాన్ని పంచుకొనే పద్ధతి ఆయన అందులో చెప్పాడు: మూడవవంతు ఆలోచనకు, ప్రణాళికకు, సగభాగం పరీక్షలకు, కోడు రాయడానికి మిగిలేది ఆరవవంతు. పని చేయించుకొనేవానికి కనిపించేది ఆ ఆరవవంతే. మిగిలిన ఐదువంతులు "కంప్యూటరు ముందు ఊరకే కూర్చోవడం"గా అతనికి తోస్తాయి. ఆ కూర్చోవడమే లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. పరీక్ష చాలని సాఫ్ట్‌వేరు కౌంటరులో మొరాయించినప్పుడు క్యూలో నిలబడినవారి చేత మాటలు పడేది మనమే గదా!

ఇక నిరీక్షణ సంగతి. రాత్రి పది గంటలకు ఫోను, ఆదివారం ఫోను, "ఒక్క నిమిషం చూడు" అని ఫోను. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండడం పని కాదా? ఈ ప్రశ్నకు రైల్వే ఉద్యోగులు ఏనాడో సమాధానం వెదకవలసి వచ్చింది. 1930లో రైల్వే చట్టాన్ని సవరించి పని గంటలకు పరిమితి పెట్టినప్పుడు సాధారణ ఉద్యోగికి వారానికి 60 గంటలు, "విడతలు విడతలుగా పని ఉండేవారు" అని వర్గీకరింపబడినవారికి 84 గంటలు నిర్ణయించారు. మధ్యమధ్య పని లేనట్లు కనబడితే చాలు, ఆ మనిషి రోజు మొత్తం చౌక అయిపోయింది. గేటు దగ్గర కాపలా ఉన్నవాడు రైలు రాని సమయంలో గేటు వదిలి పోగలడా? ఆ వర్గీకరణ మీద జరిగిన వాదోపవాదాలు, 1947 నాటి రాజాధ్యక్ష తీర్పు, 1969లో నియమింపబడిన మియాభాయ్ ట్రిబ్యునలు, అన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగాయి.

మన అనుభవం ఏమి చెబుతున్నది

1973 ఆగస్టులో లోకో రన్నింగు సిబ్బంది సమ్మె చేసి సాధించినదేమిటి? సంతకం పెట్టి ఎక్కినప్పటి నుంచి సంతకం పెట్టి దిగేవరకు డ్యూటీ 10 గంటలకు మించరాదన్న అంగీకారం. ఆ హామీ అమలు కోసం తరువాత ఎంత పోరాడవలసి వచ్చిందో వేరే సంగతి. రైలు పరుగెత్తిన గంటలను మాత్రమే కాక, ఎక్కిన సంతకానికీ దిగిన సంతకానికీ మధ్య కాలాన్నంతటినీ లెక్కించడమే ఆ కోర్కెలోని కీలకం. 1974 మే 8న ప్రారంభమైన మహా సమ్మె కోర్కెలలో ఎనిమిది గంటల పని ఉన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే, 1919లో, పరిశ్రమలకు ఎనిమిది గంటల రోజును ప్రకటించింది. కాగితం మీదికి వచ్చిన హక్కు పట్టాల మీదికి రావడానికి అర్ధశతాబ్ది తరువాత కూడా సమ్మె చేయవలసి వచ్చింది.

తపాలా రంగంలో గ్రామీణ డాక్ సేవకుల కథ మరింత బాధాకరం. వీరు సివిలు పోస్టులలో ఉన్నవారేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా వారి ప్రతిఫలం గంటల లెక్కతో ముడిపడిన భత్యంగానే ఉండిపోయింది. 2018 జూలై నుంచి అమలైన ఏర్పాటు ప్రకారం 4 గంటల స్థాయి, 5 గంటల స్థాయి అని రెండే ఉన్నాయి. ఖాతాలు తెరిపించే లక్ష్యాలు, బీమా లక్ష్యాలు, మేళాలు ఆ గంటలలో ఇముడుతాయా అని ఏ బ్రాంచి పోస్టుమాస్టరునైనా అడిగితే చెబుతారు. ఇక్కడ గంటలు కాగితం మీద ఉన్నాయి, కాని పని వాటిని దాటిపోతున్నది. కావున గంటను రాయడం ఒక మెట్టు. రాసిన గంటను కాపాడడానికి సంఘం నిలబడడం రెండవ మెట్టు. మొదటిది లేక రెండవది లేదు.

ఒక ఆక్షేపణ వినవస్తుంది. నేర్పరి గంటలో చేసేపనిని నేర్పులేనివాడు పది గంటలు చేస్తాడు, గంటల లెక్క కడితే నేర్పరికే నష్టం గదా అని. ఈ మాటలో నిజం లేకపోలేదు. అందుకే స్పష్టంగా నిర్ణయించుకొన్న పనికి మొత్తం ధర, ఆ తరువాత వచ్చే ప్రతి మార్పుకు గంట రేటు అన్న పద్ధతి న్యాయమైనది. మొత్తం ధర ఒక్కటే పెట్టుకొని, పని హద్దు రాసుకోకపోతే అది మగ్గం మీది మీటరు కూలి వంటిదే. నాసి నూలు నష్టం నేతగాని మీద పడినట్లు, క్లయింటు మనసు మారిన నష్టం ప్రోగ్రామరు మీద పడుతుంది.

చట్టంలో ఉన్న ఆసరా

ఇంటి వద్ద సాఫ్ట్‌వేరు తయారుచేసే వ్యక్తి చట్టం దృష్టిలో సేవలందించే సూక్ష్మ సంస్థ కాగలడు. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యం నమోదు దీనికి మార్గం. పని ఒప్పుకొనడానికి ముందే నమోదు చేసుకోవడం క్షేమం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం అట్టి సంస్థకు చెల్లింపు ఒప్పందంలోని గడువులో జరగాలి. ఆ గడువు 45 రోజులు మించరాదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకురేటుకు మూడురెట్లు, నెలనెలా చక్రవడ్డీ. తగాదాను రాష్ట్రంలోని ఫెసిలిటేషను కౌన్సిలు ముందుంచవచ్చు. కౌన్సిలు తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమకట్టాలి.

2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం కూడా దీనికి తోడైనది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులో చెల్లించని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఈ నిబంధన వలన ఆ నెలలలో సూరత్ బట్టల మార్కెట్టులో కలకలం రేగింది. నమోదైనవారిని మాని నమోదు కానివారి వద్ద సరుకు తీసుకొందామన్న ఆలోచన కొనుగోలుదారులకు రావడం సహజమే. ఒకడు చట్టాన్ని పట్టుకొని నిలిస్తే పక్కవాడు చట్టం బయట తక్కువకు అమ్ముతాడు. చట్టమున్నచోట కూడా ఐక్యత ఎందుకు అవసరమో దీనిని బట్టి తెలుస్తుంది.

మరొక ఆయుధం కాపీరైటు చట్టం. 1957 నాటి ఆ చట్టం క్రింద కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యరచనతో సమానం. ఉద్యోగి కాక స్వతంత్రంగా రాసి ఇచ్చిన ప్రోగ్రాముకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు రాసినవాడే. ఆ హక్కు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప చేతులు మారదు. కావున చివరి పైకం అందిన మీదట బదిలీ అని ఒప్పందంలో రాసుకోవడం న్యాయసమ్మతమైన జాగ్రత్త.

ఇతర దేశాలు ఇంకొక అడుగు వేశాయి. న్యూయార్కు నగరంలో 2017 మే నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం 800 డాలర్లకు తక్కువ కాని స్వతంత్ర పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి; గడువు రాసుకోకపోతే పని పూర్తయిన 30 రోజులలో సొమ్ము చెల్లించాలి; ఎగవేస్తే రెట్టింపు పరిహారం. మన దేశంలో 2025 నవంబరు 21న అమలులోనికి తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో సామాజిక భద్రతా కోడ్ ఒక్కటే గిగ్ కార్మికులను పేర్కొన్నది. వారి పని గంటలకు, ప్రతిఫలానికి హామీ మాత్రం ఇవ్వలేదు. ఆ కోడ్‌ల మీద మన పోరాటంలో ఈ కోర్కె కూడా చేరాలి.

చేయవలసిన పనులు

సిగ్నలు చెడినప్పుడు అధికారపత్రం చేతికి రానిదే డ్రైవరు ముందుకు కదలడు. అది మొండితనమని ఎవరూ అనరు, క్రమశిక్షణ అంటారు. ఇదే క్రమశిక్షణను మన పిల్లలకు నేర్పవలసి ఉన్నది.

1. పని హద్దు కాగితం మీద ఉండాలి: ఏమి చేస్తాము, ఏమి చేయము, ఎన్నిసార్లు సవరిస్తాము.

2. సొమ్ము విడతలుగా తీసుకోవాలి. బయానా అందనిదే మొదలుపెట్టరాదు.

3. మార్పు కోరిన ప్రతిసారి గంటలు, ధర రాసి, క్లయింటు ఒప్పుకొన్న తరువాతనే చేయాలి. చిన్న మార్పు ఉచితంగా చేసినా గంటలు బిల్లులో చూపి, తగ్గింపు అని రాయాలి. రాయని తగ్గింపు రేపటికి హక్కవుతుంది.

4. రోజువారీ గంటల డైరీ ఉంచాలి. తగాదా వచ్చిన నాడు అదే సాక్ష్యం.

5. ఫోను వేళలు నిర్ణయించాలి. వేళ కాని వేళ పిలుపుకు వేరే రేటు పెట్టాలి.

6. ఇన్ని చెప్పినా గంటలకు విలువ ఇవ్వని పనిని వదులుకోవాలి. ఇంట్లో జీతం వచ్చేవారు ఉన్నప్పుడే ఇది సాధ్యం గనుక ఆ కొద్దినెలలు కుటుంబం అండగా నిలవాలి.

వ్యక్తి చేయగలిగినది ఇంతవరకే. పేటలో పదిమంది ప్రోగ్రామర్లు ఉంటే పదిమందీ ఒకే ఒప్పంద పత్రం వాడినప్పుడు, "బంధువుల అబ్బాయి సగానికే చేస్తాడు" అన్న బెదిరింపు పనిచేయదు. కర్ణాటకలో ఐ.టి. ఉద్యోగులు 2017లో సంఘం పెట్టుకొన్నారు. 2024లో అక్కడ రోజుకు 14 గంటల పనికి వీలు కల్పించే ప్రతిపాదన వచ్చినప్పుడు ఎదుర్కొన్నది ఆ సంఘమే. కంప్యూటరు మనుషులు సంఘటితం కారన్న మాట దానితో వీగిపోయింది.

మన శాఖలు చేయగల పనులు కూడా ఉన్నాయి. తెలుగులో నమూనా ఒప్పంద పత్రం ముద్రించి శాఖా కార్యాలయాలలో ఉంచవచ్చు. కౌన్సిలుకు ఫిర్యాదు రాయడంలో మన అనుభవజ్ఞులు తోడ్పడవచ్చు. చార్జిషీట్లకు జవాబులు రాసినవారికి అది కష్టం కాదు. మన సంఘాలు, సహకార పరపతి సంఘాలు సాఫ్ట్‌వేరు చేయించుకొన్నప్పుడు పై నియమాలన్నీ మనమే మొదట పాటించాలి. సూరత్‌లోను, భివండిలోను ఉన్న తెలుగు నేతపనివారి సంఘాలతో, అక్కడి రైల్వే, తపాలా యూనియన్లతో కలిసి మీటరు కూలిలో కలిసిపోయే ఖాళీ గంటల ప్రశ్నను కూడా లేవనెత్తాలి. ప్రోగ్రామరు గంటకు విలువ కట్టమంటూ, నేతగాని గంటను మరచిపోవడం న్యాయం కాదు.

సహోద్యోగులారా! ఎక్కిన సంతకం, దిగిన సంతకం మనకు ఎవరూ దానమిచ్చినవి కావు. ఉద్యోగాలు పోగొట్టుకొని, జైళ్ళకు పోయి మన పెద్దలు సాధించినవి. ఆ రెండు సంతకాలు లేని లక్షలాది శ్రామికులు మన చుట్టూ ఉన్నారు, వారిలో మన బిడ్డలూ ఉన్నారు. ఈ నెల శాఖా సమావేశంలో ఈ అంశాన్ని చర్చకు పెట్టవలసిందిగానూ, ఇటువంటి పనులు చేసుకొంటున్న కుటుంబసభ్యులను ఆ సమావేశానికి వెంటబెట్టుకొని రావలసిందిగానూ కోరుతున్నాను.